నలభైకి నలభై

రిటైరైన స్టాటిస్టిక్స్ మాస్టారికి తిరుపతిలో పని తీరదు. ఎండలు ముదిరే వేళకు థీసిస్ సీజను మొదలవుతుంది. మెడికల్ పీజీలు, నర్సింగు పిల్లలు, ఫిజియోథెరపీ పిల్లలు వరసగా మా ఎమ్మార్‌పల్లి ఇంటి మెట్లెక్కుతారు. చంకలో ల్యాప్‌టాపు, కళ్ల కింద నలుపు, నోట ఒకటే మాట: "పి వాల్యూ రాలేదు సార్." రాకపోవడం కూడా ఒక జవాబేనమ్మా అంటే ఏడుపు మొహం పెడతారు. వచ్చేవాళ్లలో సగం మందికి ఏం కొలిచారో తెలుసు, ఎందుకు కొలిచారో తెలియదు. మిగతా సగానికి గైడు కొలవమన్నాడన్న సంగతి మాత్రమే తెలుసు. ఫీజు తీసుకోను. కాఫీ ఇస్తాను, తిడతాను. రెండూ ఉచితమే.

ఏప్రిల్ నెలలో ఒక అమ్మాయి వచ్చింది. ఫిజియోథెరపీలో పీజీ, మదనపల్లె వైపు పిల్ల. సీనియర్లు ఎవరో నా నంబరు ఇచ్చారట. గుమ్మంలో చూడగానే నేను గుర్తుపట్టాను. తను పట్టలేదు. ఆస్పత్రిలో రోగి మంచం పక్కన ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డవాడి మొహం ఎవరికి గుర్తుంటుంది? అందులోనూ ఆ రోజు మాస్కు వేసుకుని ఉన్నాను. నేనూ చెప్పలేదు. చెబితే మొహమాటపడుతుంది, ఇక లెక్క సాగదు.

"ఏం కొలిచినావమ్మా?"

"నడక సార్. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినోళ్లు, అరవై దాటినోళ్లు. ఒకే పేషెంటును ఇద్దరం వేరేవేరేగా కొలిస్తే ఒకే రిజల్టు వస్తుందా అని."

నాకు ముచ్చటేసింది. నా దగ్గరికి వచ్చే థీసిస్‌లలో తొంభై పాళ్లు ఫలానా వ్యాయామం వల్ల ఫలానా నొప్పి తగ్గింది అనేవే. తగ్గిందని చెప్పే కొలతే నిలకడగా ఉందా అని అడిగేవాళ్లు అరుదు. నిజానికి అది ముందు అడగాల్సిన ప్రశ్న. పోయిన వారం ఒకరు కొలిచి 50 సెకన్లు అన్నారు, ఈ వారం ఇంకొకరు కొలిచి 42 అన్నారు. ఆ 8 సెకన్లు రోగి కాళ్లలో వచ్చిన బలమా, కొలిచిన చేతిలో వచ్చిన తేడానా? అది తేల్చకుండా "మెరుగుపడింది" అని కేసుషీటులో రాయడం, నన్నడిగితే, ఊరికే దీవించడం లాంటిదే.

వాళ్లు వాడిన పరీక్ష పాతదే, పేరున్నదే. 1986లో మాథియాస్, నాయక్, ఐజాక్స్ అనే ముగ్గురు, ముసలివాళ్లను కుర్చీలోంచి లేచి, నడిచి, తిరిగొచ్చి కూర్చోమని, చూసిన దాన్నిబట్టి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులేశారు. చూపును నమ్ముకున్న పద్ధతి. ఒకరి కంటికి రెండు, ఇంకొకరి కంటికి మూడు. 1991లో కెనడాలో పోడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు మార్కులు తీసేసి గడియారం పెట్టారు. చేతులున్న కుర్చీ, సీటు నేలనుంచి 46 సెంటీమీటర్ల ఎత్తు, అక్కడికి 3 మీటర్ల దూరంలో నేలమీద ఒక గీత. వీపు ఆనించి కూర్చోవాలి. మాట చెప్పగానే లేచి, గీత దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. రోజూ వేసుకునే చెప్పులే, రోజూ పట్టుకునే కర్రో వాకరో. ఒకసారి ఊరికే చేయించి, తర్వాతి దానికి టైము చూస్తారు. 10 సెకన్లలోపు అయితే మనిషి నిక్షేపంగా ఉన్నట్టు. 30 దాటితే చాలామందికి రోజువారీ పనుల్లో ఒక చేయి సాయం కావాలి. టైమ్‌డ్ అప్ అండ్ గో అని పేరు, ఆస్పత్రుల్లో టగ్ అంటారు.

ఇంత సులువైన దాంట్లో కూడా తేడాలు దూరడానికి సందులు బోలెడు. కుర్చీ రెండంగుళాలు తగ్గితే కొత్త తుంటివాళ్లకు లేవడమే గండం. ఒకరోజు నాలుగు కాళ్ల వాకరు, ఇంకోరోజు చక్రాల వాకరు ఇస్తే రెండూ రెండు పరీక్షలు. నొప్పి మాత్ర వేసుకుని గంటయితే ఒక నడక, ఆరు గంటలైతే ఇంకో నడక. మాట చెప్పగానే గడియారం నొక్కుతారా, వీపు కుర్చీని వదిలాక నొక్కుతారా? పక్కనుంచి "రా అవ్వా, రా రా" అని హుషారు చేస్తారా, నోరు మూసుకుని నిలబడతారా? ఇవన్నీ కాగితం మీద ముందే రాసుకుని, ఇద్దరూ అక్షరం తప్పకుండా పాటిస్తేనే ఆ అంకెకు విలువ.

ఆ అమ్మాయి పాటించింది. అది నేను కళ్లారా చూశాను.

మా పెద్దమ్మది పాకాల దగ్గర పల్లె. వయసు 79. జనవరి చివర్లో చీకట్నే లేచి పెరట్లోకి పోతూ గడప దగ్గర పడింది. ఎడమ తుంటి. పడి విరిగిందా, విరిగి పడిందా అన్నది ఆ వయసులో దేవుడికే తెలియాలి. ఊళ్లోవాళ్లంతా పుత్తూరు అన్నారు. మా వైపు ఎముక విరిగితే మొదట నోటికొచ్చే పేరు అదే. పుత్తూరు పక్కన రాచపాళెంలో తరతరాలుగా కట్టు కడుతున్నారు. పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. ముంజేయి విరిగినవాళ్లు, కాలిఎముక చిట్లినవాళ్లు ఆ కట్టుకు దండం పెడతారు. కానీ తుంటికీలు లోపల బంతి కింది మెడ విరిగితే పైనుంచి కట్టే ఏ బద్దా అక్కడికి అందదు. ఆపరేషన్ తప్పదు, అదీ తొందరగా. మంచాన ఉన్న ప్రతిరోజూ ముసలి ఒంటికి చెరుపే. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, వీపు పుండు పడుతుంది, కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది.

108 ఎక్కించి తిరుపతికి తెచ్చాం. ఇక్కడ విరిగిన ఎముకకు దిక్కులేకపోవడం ఉండదు. దేవస్థానం వారి బర్డ్ ఉంది, రుయా ఉంది, స్విమ్స్ ఉంది, ప్రైవేటువి సందుకొకటి. చిత్తూరువాళ్లయితే చాలామంది నేరుగా రాయవేలూరు సీఎంసీ దారి పడతారు. పెద్దమ్మను ఎక్కడ చేర్చామన్నది ఇక్కడ అనవసరం. విరిగిన బంతి తీసేసి లోహపు బంతి పెట్టారు. జనవరి 31. మర్నాడే వాకరు చేతికిచ్చి నిలబెట్టారు. అలా నిలబెట్టడం చూసి మా పెదనాన్న కూతురు "ఇంత దయలేనోళ్లా" అని గొణిగింది గానీ, అదే సరైన వైద్యం.

ఫిబ్రవరి 4న, ఇంటికి పంపే ముందు, ఈ అమ్మాయి వచ్చింది. ఒక చేతిలో కుర్చీ, ఇంకో చేతిలో టేపు. వరండాలో కుర్చీ వేసి, టేపుతో 3 మీటర్లు కొలిచి, నేలమీద తెల్ల ప్లాస్టరు అంటించింది. కుర్చీ ఎత్తు కూడా కొలుచుకుంది. పేపరు చూసి చదివినట్టు కాకుండా, ప్రతి మాటా నిదానంగా చెప్పింది.

"అవ్వా, ఆ తెల్లగీత దాకా నడవాల. ఆడ తిరుక్కోని, మళ్లా వచ్చి ఈ కుర్చీలోనే కూచోవాల. నువ్వెప్పుడూ నడిచేమాదిరే నడువు, తొందర లేదు. నేను పో అంటానే లెయ్యి."

"పోయేది సరే పాపా, తిరిగొచ్చేదానికి యెవురు జెప్తారు?"

"అది నువ్వే వచ్చేయాల అవ్వా."

పెద్దమ్మ ఆ అమ్మాయి చేతిలోని ఫోనువైపు చూసింది. స్టాప్‌వాచీ సున్నాల మీద ఉంది. "అలిపిరికాడ్నించి కొండకు ఎన్ని తూర్లు ఎక్కినానో నాకే గెవనం లేదు. 3,550 మెట్లకు ఒక్కరన్నా వాచీ పట్టుకోని నిలబడినారా? మోకాళ్ల పర్వతం కాడ కూడా ఎవురూ లెక్క పెట్టలా. ఈ మూడు బారలకు వాచీనా?" అంది. ఆ అమ్మాయి నవ్వింది గానీ ఫోను దించలేదు.

"పో అవ్వా."

రెండు చేతులూ కుర్చీ చేతుల మీద. మొదటిసారి లేవబోయి కూలబడింది. రెండోసారి ముందుకు వంగి, కుడికాలి మీద బరువంతా వేసి లేచింది. మోచేతులు వణికాయి. వాకరును జానెడు ముందుకు తోసింది, ఎడమకాలు లాగింది, కుడికాలు కలిపింది. మళ్లీ వాకరు, మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. గీత దగ్గర తిరుక్కోవడమే పెద్ద పని. వాకరును కొంచెం కొంచెంగా ఎనిమిది ముక్కలుగా తిప్పింది. తిరిగి వస్తూ నడిమధ్యలో ఆగింది. కొంగు భుజం మీంచి జారింది. ఒంటిచేత్తో వాకరు పట్టుకుని ఇంకో చేత్తో కొంగు సర్ది, బొడ్లో దోపి, అప్పుడు కదిలింది. ఎదురుగా మగమనిషిని నేనున్నాను మరి. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి. నేను "కొంగు టైము తీసేయమ్మా" అన్నాను.

"తీసేయకూడదు సార్" అంది ఆ అమ్మాయి, నావైపు చూడకుండానే. 58 అని రాసింది. పక్కనే రిమార్కుల గడిలో రాసింది: కొంగు సర్దుకుంది.

ఆ ఒక్కమాటకు నేను ఆ పిల్లను మెచ్చుకున్నాను. జీవితమంతా అంకెలతో బతికినవాడికి ఆ గడి విలువ తెలుసు. అంకె మనిషినుంచి వచ్చిందనడానికి సాక్ష్యం ఆ గడిలో ఉంటుంది. మర్నాడు పెద్దమ్మను మా కారులోనే ఊరికి పంపాం. ఆరువారాలకు చూపించుకోమని చీటీ రాసిచ్చారు.

ఇప్పుడు ఆ పట్టిక మా డైనింగ్ టేబుల్ మీద తెరుచుకుంది. 40 వరసలు. ఒక్కో వరసలో వయసు, ఆడా మగా, ఏ తుంటి, ఏ ఆపరేషన్, ఏ మండలం, ఇంటికి పంపేనాటి కొలత. ఆ తర్వాత అసలు విషయం: ఆరోవారం రివ్యూకు వచ్చినప్పుడు ఈ అమ్మాయి కొలిచినది ఒకటి, అరగంట ఆగి ఆమె జోడీ కొలిచినది ఇంకొకటి. ఒకరిది ఒకరు చూడకూడదు.

"కోరిలేషన్ వేసినాను సార్. సూపర్‌గా వచ్చింది."

"కోరిలేషన్ వద్దమ్మా. గాంధీరోడ్డులో ఇద్దరు కూరగాయలవాళ్లు ఉన్నారనుకో. రెండోవాడు ప్రతి తూకానికీ 50 గ్రాములు ఎక్కువ చూపిస్తాడు. ఇద్దరి తూకాలకీ కోరిలేషన్ నూటికి నూరు. అంటే ఇద్దరూ ఒకటే తూకం తూచినట్టా?"

"కాదు సార్."

ఇదే సంగతిని బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు 1986లో లాన్సెట్ పత్రికలో రాసి డాక్టర్ల చెవి మెలిపెట్టారు. రెండు కొలతలు కలిసి పెరగడం వేరు, రెండూ ఒకటే కావడం వేరు. రెండింటి తేడాలు తీసి, ఆ తేడాలు ఎంత మేరకు పరుచుకున్నాయో చూడమన్నారు. ఆ పరిధికంటే చిన్న మార్పును మార్పు అనకూడదు. దానికి తోడు ఐసీసీ అని ఒక లెక్క ఉంది. మూలం స్టాటిస్టిక్స్ పెద్దాయన ఫిషర్‌ది. 1979లో ష్రౌట్, ఫ్లైస్ దాన్ని ఆరు రకాలుగా విడదీసి, ఎప్పుడు ఏది వాడాలో చెప్పారు. మనుషుల మధ్య సహజంగా ఉన్న తేడా ఎంత, కొలిచేవాళ్ల వల్ల వచ్చిన తేడా ఎంత అని విడదీసి చెప్పే అంకె అది. 1కి దగ్గరైతే కొలత నమ్మకమైనది. ఈ రెండూ చేద్దాం అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ కాఫీ పట్టుకొచ్చింది. ఆ అమ్మాయి చల్లారేదాకా తాగలేదు, తెరవైపే చూస్తూ కూర్చుంది.

ఐసీసీ 0.99.

"సార్!" అని లేచి నిలబడింది. "గైడ్ సారు 0.9 దాటితే చాలన్నారు సార్."

నేను లేవలేదు. తేడాల వరస చూస్తున్నాను. సున్నా, ఒకటి, సున్నా, సున్నా, ఒకటి, సున్నా. 40 మందిలో ఒక్కరికి కూడా ఒక సెకను మించి తేడా లేదు.

ఒకే నడకకు ఇద్దరు రెండు గడియారాలు పట్టుకుంటే ఇలా రావచ్చు. కానీ ఇవి రెండు వేరు నడకలు, మధ్యలో అరగంట. తుంటి అతుక్కోని మనిషి అరగంటలో అలిసిపోవచ్చు, లేదా ఒకసారి నడిచాక అలవాటుపడి వేగం పెరగవచ్చు. డెన్మార్కులో తుంటి విరిగినవాళ్ల మీదే ఈ టగ్‌ను బాగా పరిశీలించారు. వరసగా మూడుసార్లు చేయిస్తే మొదటిసారి కంటే మూడోసారికి టైము తగ్గుతుందని చూపించారు. మనుషుల నడకకు ఆ మాత్రం హెచ్చుతగ్గు ఉంటుంది. మా చిత్తూరు ముసలివాళ్లకు మాత్రమే లేకుండా పోయిందా?

ఇంకో గమ్మత్తు. మొదటి కొలతల పక్కన రిమార్కులు కిటకిటలాడుతున్నాయి. దగ్గు వచ్చింది. కోడలు పిలిస్తే ఆగాడు. చెప్పు ఊడింది. ఫోను మోగింది. గీత దాటి పోయాడు, పిలిస్తే వచ్చాడు. చదువుతుంటే వార్డు మొత్తం కళ్లముందు కదిలింది. ఆరోవారం కొలతల పక్కన ఒక్క రిమార్కు లేదు. అందరూ లేచారు, నడిచారు, తిరిగారు, కూర్చున్నారు. ఎవరికీ దగ్గు రాలేదు, ఎవరి కొంగూ జారలేదు.

1936లో ఫిషర్ మెండెల్ బఠానీ లెక్కల మీద ఇదే పేచీ పెట్టాడు. సిద్ధాంతం తప్పని కాదు. అంకెలు సిద్ధాంతానికి ఉండాల్సినదానికంటే దగ్గరగా ఉన్నాయని. ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో చదువుకున్న మన సీ.ఆర్. రావు గారు కూడా, లెక్కకు కూర్చునే ముందు సాక్షిని బోనెక్కించినట్టు అంకెలను బోనెక్కించి అడ్డప్రశ్నలు వేయమని చెప్పినవారే. నేను నా పాఠాల్లో పిల్లలకు అదే చెప్పేవాణ్ణి. ఉద్యోగం అయిపోయినా నోరు ఊరుకోదు.

"మీ జోడీ ఎవరమ్మా?"

"మా బ్యాచ్‌మేటు సార్. ఇప్పుడు బెంగుళూరులో జాబు."

"ఎప్పట్నించి?"

"ఫిబ్రవరి... లాస్టు నుంచి సార్. శని, ఆదివారాలు వచ్చి కొలిచేవాడు."

రివ్యూ తేదీల్లో శనివారాలు, ఆదివారాలు ఎన్నున్నాయో నేను అడగలేదు. తెరమీద కనిపిస్తూనే ఉన్నాయి.

"నలభైమందికి నలభైమందీ ఆరోవారం వచ్చారా?"

"వచ్చినారు సార్. ఫోన్లు చేసి పిలిపించినాం."

"కుప్పం నుంచి కూడా? పలమనేరు, వాయల్పాడు, నగరి?"

"అవును సార్."

ఇక్కడ కొంచెం ఆగాలి. తుంటి ఆపరేషన్ అయిన ముసలివాళ్లను ఎవరైనా ఆరువారాల పాటు వెంబడిస్తే పట్టికలో ఖాళీ గడులు రాక మానవు. కొందరికి బస్సెక్కడం కుదరదు. కొందరికి తీసుకొచ్చే కొడుకు సెలవు దొరకదు. కొందరు ఇంకో ఆస్పత్రి చూసుకుంటారు. ఇక కొందరు ఉండరు. తుంటి విరిగిన వృద్ధుల్లో ఏడాది తిరిగేసరికి ఐదుగురిలో ఒకరు, కొన్నిచోట్ల నలుగురిలో ఒకరు దక్కడం లేదని దేశదేశాల లెక్కలు చెబుతున్నాయి. అందులో ఎక్కువ భాగం మొదటి నెలల్లోనే. ఖాళీ గడి చూస్తే పిల్లలు భయపడతారు గానీ, నాకు నిండుగడి చూస్తేనే భయం.

పట్టికను కిందికి జరుపుతూ పోయాను. 17వ నంబరు దగ్గర ఆగాను. వయసు 79, స్త్రీ, ఎడమ తుంటి, బంతి మార్పిడి, పాకాల మండలం. ఫిబ్రవరి 4న 58 సెకన్లు. రిమార్కు: కొంగు సర్దుకుంది.

ఆరోవారం, మార్చి 14. మొదటి కొలత 26. రెండో కొలత 26.

"ఈమె బాగా కోలుకున్నట్టుందే" అన్నాను.

ఆ అమ్మాయి మొహం వెలిగింది. "అవును సార్, మొత్తం శాంపుల్లో ఆమెదే బెస్టు ఇంప్రూవ్‌మెంటు. 32 సెకన్లు తగ్గింది. ఇద్దరి రీడింగూ సేమ్. గైడ్ సారు కూడా ప్రెజెంటేషన్లో ఈ కేసునే చూపించమన్నారు."

"ఎవరీమె?"

"పేరు చెప్పకూడదు సార్. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు."

"మంచిదే. ఆరోవారం నువ్వే కొలిచినావా?"

"నేనే సార్. వాకరు లేకుండా కర్రతోనే నడిచింది."

"ఏమన్నా మాట్లాడిందా?"

"ఎవరు సార్?"

"ఆమె. నీ వాచీ చూసి ఏమన్నా అనిందా అని."

ఆ అమ్మాయి మొదటిసారి నా మొహంలోకి సరిగ్గా చూసింది. మాస్కు లేదు కాబట్టి పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"ఆమె మా పెద్దమ్మ" అన్నాను. "ఇంటికొచ్చిన రెండో వారంలో రొమ్ములో నిమ్ము చేరింది. పాకాల నుంచి అంబులెన్సు వచ్చేలోగా అయిపోయింది. ఫిబ్రవరి 28న పెద్దకర్మ చేసినాం. మీరిద్దరూ ఆమెను మార్చి 14న నడిపించినారు."

ఫ్యాను తిరుగుతోంది. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుంది, ల్యాప్‌టాపు తనవైపు తిప్పుకుంది, 17వ వరస మీద వేలు పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. క్షమాపణ అడుగుతుందనుకున్నాను.

"సబ్మిషన్ సోమవారం సార్" అంది. తర్వాత, గొంతు తగ్గించి: "ఈ ఒక్క వరస తీసేస్తే ఐసీసీ పడిపోతుందా సార్?"

తీసేసి మళ్లీ లెక్క కట్టాను. పడిపోలేదు. మిగతా 39 మందికి కూడా 0.99.